ఇష్టమూ పలుకుబడీ

క్షేత్రపరిశీలన ముగించుకొని వచ్చిన విద్యార్థుల నివేదికలు ఏటా నా బల్లమీదికి చేరుతుంటాయి. హోసూరు చుట్టుపక్కల పల్లెలు, బళ్లారి, బరంపురం, షోలాపూరు నేతపేటలు, యానాం, ఇలా ఎక్కడికి వెళ్లినా మనవాళ్ల ప్రశ్నావళిలో ఒక ప్రశ్న తప్పకుండా ఉంటుంది. "మీ సంఘంలో మీకు బాగా నచ్చిన వ్యక్తి ఎవరు?" జవాబులు లెక్కించి, ఎక్కువమంది చెప్పిన పేరు ఏరి, "ఈ సమాజంలో భాషావిషయాలమీద వీరి ప్రభావం అధికం" అని తీర్మానిస్తారు. అడిగింది ఇష్టం గురించి, తేల్చింది ప్రభావం గురించి. నడుమ వేసిన గెంతు వేసినవారి దృష్టికే రాదు.

వారిని తప్పుపట్టే ముందు నా సంగతి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట, తెలుగు కుటుంబాలు మూడు నాలుగు తరాలుగా స్థిరపడిన ఒక పరరాష్ట్ర పట్టణంలో, పిల్లలకు సాయంత్రం పూట తెలుగు రాయడం, చదవడం నేర్పే తరగతి పెట్టాలని కొందరం పూనుకున్నాం. ఆ పేటలో అందరూ ప్రేమగా చూసుకునే ఒక పెద్దాయన ఉండేవారు. పండగపూట పద్యం చదవాలన్నా, పెళ్లిపందిట్లో నలుగురినీ నవ్వించాలన్నా ఆయనే. ఆయనచేత ఇంటింటికీ చెప్పించాం. అందరూ "అలాగే, తప్పకుండా" అన్నారు. మొదటివారం నిండుగా ఉన్న గది రెండోనెలకు ఖాళీ అయింది. తరువాత తెలిసిందేమంటే, పిల్లల చదువు విషయంలో, అంటే ఏ బడి, ఏ మాధ్యమం, ఏ ట్యూషను అన్న విషయంలో, ఆ పేట తల్లులందరూ జాకెట్లు కుట్టే ఒకావిడ మాట వింటారట. ఆవిడ ముక్కుసూటి మనిషి. ఆవిడంటే ప్రత్యేకించి ఇష్టమని ఎవరూ చెప్పరు. మేము ఆవిణ్ణి పలకరించనైనా లేదు. "పరీక్షలముందు ఈ గొడవెందుకు?" అని ఆవిడ ఎవరితోనో ఒక్క మాట అన్నారట. అంతే.

ఒకరినొకరు ముఖాముఖి ఎరిగిన చిన్న సమూహంలో ఇష్టానికీ, ఫలానావారికి ఉన్నదని నలుగురూ అనుకునే ప్రభావానికీ సంబంధం ఏమిటి అన్నది సాంఘిక మనస్తత్త్వశాస్త్రంలో బాగా నలిగిన ప్రశ్న. భాషాశాస్త్ర విద్యార్థులు అటువైపు తొంగిచూడడం తక్కువ. మనకు పనికివచ్చేమేరకు దానిని ఇక్కడ పరిచయం చేస్తాను.

మాట చెల్లడం

తెలుగులో పలుకుబడి అన్న పదానికి రెండర్థాలు ఉన్నాయి. "ఇది నెల్లూరు పలుకుబడి" అన్నప్పుడు నుడికారం, వాడుక. "ఆయనకు ఊళ్లో పలుకుబడి ఉంది" అన్నప్పుడు ప్రాబల్యం. రెండింటికీ మొదలు పలుకే. తమిళదేశంలో పెరిగిన మీకు సెల్వాక్కు తెలుసు. సెల్లడం, వాక్కు కలిసిన మాట అది, చెల్లే వాక్కు అని. కన్నడంలో ఒకరి మాట నడుస్తుందంటారు. మరాఠీవారు మాటకు వజను ఉందంటారు. ప్రభావాన్ని మాటతో కొలవడంలో ఇరుగుపొరుగు భాషలన్నీ ఏకీభవించడం నాకెప్పుడూ ముచ్చటగా తోస్తుంది.

నాణెం చెల్లుతుందా లేదా అన్నది ఇచ్చేవాడి చేతిలో లేదు, పుచ్చుకునేవాడు పుచ్చుకోవడంలో ఉంది. అతడైనా ఎందుకు పుచ్చుకుంటాడు? రేపు మరొకరు తనదగ్గర పుచ్చుకుంటారన్న నమ్మకంతో. పలుకుబడి కూడా అలాంటిదే. నాకు ఫలానావారంటే ఇష్టమో కాదో చెప్పడానికి నేనొక్కణ్ణే చాలు. ఫలానావారి మాట చెల్లుతుందా అంటే మాత్రం, మిగిలినవాళ్లు వింటున్నారా అని చూసి అంచనా వేసుకోవాలి. అందుకే ఉన్నదనుకునే ప్రభావాన్ని "కేవలం అనుకోవడమే కదా" అని తీసివేయడానికి వీల్లేదు. అందరూ ఉన్నదనుకుంటే అది చాలావరకు ఉన్నట్టే. అయితే ఆ అంచనాలో మన ఇష్టాయిష్టాలు కూడా దూరుతాయి. చిక్కంతా అక్కడే ఉంది.

సమూహం లోపలి ఇష్టాయిష్టాలను గీతలుగా గీసి చూపే పద్ధతికి, అంటే సోషియోమెట్రీకి, ఆద్యుడు జేకబ్ మొరెనో (1889–1974). బుకారెస్టులో పుట్టి, వియన్నాలో వైద్యం చదివి, 1925లో అమెరికా చేరిన మనోవైద్యుడు. 1932లో న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ పట్టణపు బాలికల శిక్షణాలయం నుంచి రెండు వారాల్లో 14 మంది అమ్మాయిలు పారిపోయారు. ఒక్కొక్కరి స్వభావంలో వెతికితే కారణం దొరకలేదు. మొరెనో, ఆయన సహచరి హెలెన్ జెన్నింగ్స్ అక్కడి అమ్మాయిలు ఎవరు ఎవరిని కోరుకుంటున్నారో పటం గీశారు. పారిపోవాలన్న తలపు ఆ పటంలోని గీతలవెంబడే ఒకరినుంచి ఒకరికి పాకిందని 1934లో వెలువడిన గ్రంథంలో మొరెనో వాదించాడు. ఇష్టం ఉన్న దారినే ప్రభావం ప్రవహిస్తుందన్న ఊహకు ఇది తొలి రూపం.

మొరెనో ఒక నియమంమీద పట్టుబట్టేవాడు. "నీకెవరంటే ఇష్టం?" అని ఊరికే అడగకూడదు. "ఏ ఇంట్లో, ఎవరితో కలిసి ఉండాలని ఉంది?" అని అడగాలి, జవాబునుబట్టి నిజంగా ఏర్పాటు మారాలి. జెన్నింగ్స్ ఇంకో అడుగు ముందుకు వేసింది. కలిసి ఉండడానికి, పని చేయడానికి ఎన్నుకునే జాబితా ఒకటి, తీరిక గడపడానికి ఎన్నుకునే జాబితా మరొకటి. ఈ రెండో జాబితాలో పేర్లు తక్కువ; నేను నిన్నూ నీవు నన్నూ ఎన్నుకోవడం ఎక్కువ. మన విద్యార్థి అడిగే "బాగా నచ్చిన వ్యక్తి" ఈ రెండు జాబితాల్లో దేనికి చెందుతాడో అడిగినవారికీ తెలియదు, చెప్పినవారికీ తెలియదు.

కలిసేచోట, విడిపోయేచోట

ఇష్టమూ ప్రభావమూ కలిసే నడుస్తాయనడానికి బలమైన సాక్ష్యం వేసవి శిబిరాల పిల్లలనుంచి వచ్చింది. రొనాల్డ్ లిప్పిట్, నార్మన్ పొలాన్‌స్కీ, సిడ్నీ రోజెన్ 1952లో ప్రచురించిన పరిశోధన అది. తాము అనుకున్న పని ఇతరులచేత చేయించడంలో ఎవరు గట్టివాళ్లో పిల్లల్నే అడిగారు. ఆపైన శిబిరంలో జరుగుతున్నదేమిటో పక్కనుంచి గమనించారు. ఎవరికి పలుకుబడి ఉన్నదన్న విషయంలో పిల్లల అభిప్రాయాలు బాగా కలిశాయి. వాళ్లు చెప్పిన పిల్లవాడే నిజంగా ఎక్కువగా పురమాయిస్తున్నాడు, ఆ పురమాయింపే ఎక్కువగా నెరవేరుతున్నది. అతడు ఏమీ అడగకపోయినా అతణ్ణి చూసి మిగిలినవాళ్లు అదే పని మొదలుపెడుతున్నారు. అతడే ఎక్కువమందికి ఇష్టుడు కూడా.

ఇక్కడ ఆగిపోతే మన విద్యార్థి ప్రశ్నలో తప్పేమీ లేదనుకోవచ్చు. మరుసటి ఏడు వచ్చిన ఇంకొక పరిశోధన ఈ పొత్తులోపల ఏముందో విప్పి చూపింది. హర్విట్జ్, జాండర్, హైమొవిచ్ అనే ముగ్గురు మానసిక ఆరోగ్యరంగంలో పనిచేసే వైద్యులను, మనస్తత్త్వవేత్తలను, సాంఘిక కార్యకర్తలను, ఉపాధ్యాయులను ఒక సదస్సులో చిన్న చిన్న చర్చాబృందాలుగా కూర్చోబెట్టారు. తమ రంగంలో పలుకుబడి ఉన్నవారెవరో, లేనివారెవరో ముందే తెలుసుకొని కలిపి కూర్చారు. పలుకుబడి ఉన్నవారిని ఉన్నవారూ ఇష్టపడ్డారు, లేనివారూ ఇష్టపడ్డారు. లేనివారిని మాత్రం ఇరుపక్షాలూ తక్కువగానే ఇష్టపడ్డాయి. లేనివారు తక్కువ మాట్లాడారు. మాట్లాడినప్పుడు పెద్దలవైపు తిరిగి మాట్లాడారు. మరీ జాలిగొలిపే సంగతి, పెద్దలు తమను ఎంత ఇష్టపడుతున్నారని వీరు అనుకున్నారో అంత ఇష్టం పెద్దలకు లేదు.

అంటే, ఇష్టంనుంచి ప్రభావం పుడుతుందని మనం అనుకున్నచోట, ప్రభావంనుంచే ఇష్టం పుట్టి ఉండవచ్చు. తనకు మేలో కీడో చేయగలిగినవాడు తన పక్షాన ఉన్నాడనుకోవడం మనసుకు ఊరట. కొత్తగా ఆఫీసులో చేరిన గుమాస్తా "మా సూపరింటెండెంటుగారికి నేనంటే ఎంతో అభిమానమండీ" అని నెలలోపే చెప్పడం మనం వినలేదా? అబద్ధం చెప్పాలని కాదు పాపం, అలా నమ్మకపోతే రేపు పొద్దున ఆ గది గడప దాటడం కష్టం.

దీనికి సరిగ్గా ఎదురు ఫలితం హార్వర్డులో రాబర్ట్ బేల్స్ ప్రయోగశాలనుంచి వచ్చింది. ఒకవైపునుంచి మాత్రమే కనిపించే అద్దం వెనక కూర్చొని, ముక్కూమొహం ఎరగని విద్యార్థుల బృందాలు ఒక సమస్యను చర్చిస్తుంటే ప్రతి పలుకునూ ఏ రకానిదో నమోదుచేసే పద్ధతిని ఆయన రూపొందించాడు. దాన్ని వివరించే పుస్తకం 1950లో వచ్చింది. సమావేశం ముగిశాక ప్రతివారినీ విడివిడిగా అడిగేవారు: మంచి ఆలోచనలు ఎవరివి? చర్చను నడిపింది ఎవరు? మీకు ఎవరు ఎక్కువ నచ్చారు? మొదటి సమావేశంలో ఆలోచనల్లో మొదటివాడే నచ్చడంలోనూ మొదటివాడు కావడం అరుదేమీ కాదు. అవే బృందాలు మళ్లీ మళ్లీ కూర్చుంటున్నకొద్దీ ఆ రెండు పేర్లూ విడిపోతూ వచ్చాయి. పని నడిపేవాడు ఎక్కువసేపు మాట్లాడతాడు, ఇతరుల సమయం తింటాడు, ఒకరి సలహా తోసిపుచ్చుతాడు. దానివల్ల పుట్టే చిరాకును మరొకడు నవ్వించి, తలఊపి, బుజ్జగించి చల్లారుస్తాడు. వాడు అందరికీ ఇష్టుడవుతాడు. బేల్స్, ఆయన శిష్యుడు ఫిలిప్ స్లేటర్ 1955లో దీనిని పాత్రల విభజన అన్నారు. మా పేటలో పెద్దాయన, జాకెట్లు కుట్టే ఆవిడ నాకు ఆ విభజనకు అచ్చుగుద్దిన ఉదాహరణలుగా కనిపించారు.

శిబిరంలో కలిసినవి ప్రయోగశాలలో ఎందుకు విడిపోయాయి? ఈ ప్రశ్నకు నాకు తృప్తికలిగించిన జవాబు 1961లో సిడ్నీ వెర్బా ఇచ్చినది. ప్రయోగశాల బృందంలో నాయకుడని ఎవరూ నియమించలేదు. అతని పెత్తనాన్ని ఎవరూ ఒప్పుకోలేదు. కాబట్టి అతడు నడిపిన ప్రతి అడుగూ దూకుడుగానే తోస్తుంది. 1967లో పీటర్ బర్క్ ప్రయోగం చేసి చూశాడు. పనిమీద పట్టుబట్టడం సబబేనని బృందం ఒప్పుకున్నచోట విభజన అంతగా కనిపించలేదు. ఒప్పుకోనిచోట నడిపేవాడు వేరు, నచ్చేవాడు వేరు అయ్యారు. మన అనుభవంలోకి తర్జుమా చేసుకుంటే, కూలీల గుంపును నడిపే మేస్త్రీ గట్టిగా కేకవేసినా గుంపు అతణ్ణి ద్వేషించదు. కేకవేయడం అతని పనిలో భాగమని అందరూ ఒప్పుకున్నారు. అదే కేక గుంపులో మరొకడు వేస్తే "వీడెవడు చెప్పడానికి?" అంటారు. అందుచేత ఇష్టం, ప్రభావం కలుస్తాయా విడిపోతాయా అని విడిగా అడగడంకన్నా, ఈ సమూహంలో ఎవరి ఏ హక్కును అందరూ ఒప్పుకున్నారు అని అడగడం మేలు.

వీధిమూల కథ

ప్రయోగశాల సంగతులు కొంత పొడిగా ఉంటాయి. నిజజీవితంలో ఈ రెండింటి ఆట చూడాలంటే విలియం ఫుట్ వైట్ రాసిన స్ట్రీట్ కార్నర్ సొసైటీ (1943) చదవండి. క్షేత్రపరిశోధకుడయ్యే ప్రతి విద్యార్థీ చదవవలసిన పుస్తకమని నా అభిప్రాయం. 1930ల చివర బోస్టన్ నగరంలో ఇటలీనుంచి వలసవచ్చినవారి పేటలో ఆయన కొన్నేళ్లు నివసించాడు. అక్కడి వీధిమూల యువకుల బృందంలో పదముగ్గురు. డాక్ అనేవాడు నాయకుడు, డానీ, మైక్ అతని కుడిఎడమలు. ఇవి వైట్ పెట్టిన మారుపేర్లు.

డాక్‌కు బృందంలో పలుకుబడి ఎలా నిలిచిందన్నదానికి వైట్ డబ్బు లెక్క చూపుతాడు. నాయకుడు అనుచరులమీద పెట్టే ఖర్చు, వాళ్లు అతనిమీద పెట్టేదానికన్నా ఎక్కువ. అప్పు కావలసివస్తే తనకు దగ్గరి స్థాయిలో ఉన్నవారిదగ్గరే పుచ్చుకుంటాడు కాని, అడుగున ఉన్నవారిదగ్గర చేయి చాపకుండా చూసుకుంటాడు. ఇచ్చినమాట నిలబెట్టుకుంటాడు. ఇష్టం అన్నది ఇక్కడ బాకీల చిట్టాలాగా పోగుపడుతుంది.

నాకు ఎక్కువగా గుర్తుండిపోయినవాడు డాక్ కాదు, లాంగ్ జాన్. బృందంలోని పెద్దలు ముగ్గురికీ అతడు ఆప్తుడు, వారితోనే తిరుగుతాడు. అయినా అడుగు వరసలోని కుర్రవాళ్లు అతని మాట ఖాతరు చేయరు. ఇష్టం ఉంది, పలుకుబడి లేదు. ఆ బృందం వారం వారం ఆడే ఆట బౌలింగ్. క్రికెట్ బౌలింగ్ అనుకోకండి, బంతి దొర్లించి చెక్కబొంగులు పడగొట్టే ఆట. ఆ ఆటలో ఎవరి స్థానం ఎక్కడో బృందంలో వారి స్థానం కూడా ఇంచుమించు అక్కడే ఉండడం వైట్ గమనించాడు. అలెక్ అనే అడుగుస్థాయి కుర్రవాడు మామూలు సాయంత్రాల్లో బాగా ఆడేవాడు, లాంగ్ జాన్‌ను ఒంటిపోటీల్లో ఓడించేవాడు. నలుగురూ చేరి ఆడే అసలు పోటీలో మాత్రం వెనకబడ్డాడు. అడుగువాడు పైవాడిని మించబోతే నలుగురూ కలిసి ఎగతాళి చేస్తారు; చేయి వణుకుతుంది. డాక్ లాంగ్ జాన్‌ను పక్కకు పిలిచి నీవు అతణ్ణి ఓడించగలవని ధైర్యం చెప్పాక, లాంగ్ జాన్ గెలవడం మొదలుపెట్టాడు.

కొంతకాలానికి డాక్, డానీ ఆ వీధిమూల వదిలి మరొక చోటికి, మరొక వర్గంలోకి వెళ్లసాగారు. లాంగ్ జాన్‌కు అక్కడ స్థానం లేదు. ఇక్కడి కుర్రవాళ్లమీద పట్టు ఎన్నడూ లేదు. అతని ఆట చెడింది. నిద్రలో పీడకలలు మొదలయ్యాయి. సంగతి తెలిసి డాక్ అతణ్ణి ఆ కొత్త వర్గంలోకి కలుపుకొన్నాడు, ఆటలో అతణ్ణి ఎవరైనా వెక్కిరిస్తే అడ్డుపడ్డాడు. కలలు పోయాయి, ఆట కుదుటపడింది. పెద్దల ఇష్టంమీద మాత్రమే నిలబడిన మనిషి పరిస్థితి ఎంత పెళుసుగా ఉంటుందో ఇంతకన్నా స్పష్టంగా చూపిన పరిశోధన నేను చదవలేదు. వసతిగృహాల్లో, విద్యార్థి సంఘాల్లో లాంగ్ జాన్‌లు ఉంటారు. అందరితో ఫొటోలో ఉంటారు, తీర్మానాల్లో వారి మాట ఉండదు. ప్రశ్నావళికి మాత్రం వారి పేరు బాగా చిక్కుతుంది.

మఠంలో పద్దెనిమిది మంది

ఇష్టాన్నీ ప్రభావాన్నీ ఒకే సమూహంలో, విడివిడి ప్రశ్నలుగా అడిగిన ప్రసిద్ధ అధ్యయనం శామ్యూల్ శాంప్సన్‌ది. 1968లో కార్నెల్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంతగ్రంథం. రెండో వాటికన్ మహాసభ (1962–65) తరువాత కాథలిక్ మఠాలు కలవరపడుతున్న కాలమది. అమెరికా ఈశాన్యప్రాంతపు ఒక మఠంలో దీక్షకు సిద్ధమవుతున్న 18 మంది యువకులను ఆయన లోపలే ఉండి గమనించాడు. నీకు ఇష్టులు ఎవరు, అయిష్టులు ఎవరు? ఎవరంటే గౌరవం, ఎవరంటే కాదు? ఎవరి ప్రభావం నీమీద ఉంది, ఎవరిది ప్రతికూలంగా ఉంది? ఎవరిని మెచ్చుకుంటావు, ఎవరిని తప్పుపడతావు? ఒక్కొక్క ప్రశ్నకు మూడేసి పేర్లు, వరసక్రమంలో.

సమూహం మూడు ముక్కలుగా ఉంది. పాత పద్ధతిని సమర్థించేవారు ఒక వర్గం. తరువాత వచ్చి మార్పు కోరేవారు రెండో వర్గం; వీరికి గ్రెగరీ, జాన్ బాస్కో నాయకులు. ఎవరికీ పట్టనివారు కొద్దిమంది. 1976లో హారిసన్ వైట్, ఆయన సహచరులు ఈ పట్టికలను గణితంతో విశ్లేషించినప్పుడు, ఇష్టం పట్టికలోనూ ప్రభావం పట్టికలోనూ దాదాపు అవే వర్గాల సరిహద్దులు కనిపించాయి. అయితే సరిహద్దులోపల గీతలు ఒకటికొకటి నకలు కావు. ఇది ముఖ్యమైన సంగతి. ఏ వర్గంలోపల వెతకాలో ఇష్టం చెప్తుంది. ఆ వర్గంలో ఎవరి మాట చెల్లుతుందో తెలియాలంటే ఇంకో ప్రశ్న వేయాలి.

తరువాత కథ వేగంగా నడిచింది. మఠం నలుగురిని పంపించివేసింది: పట్టనివారు ముగ్గురు, నాలుగోవాడు గ్రెగరీ. వెంటనే జాన్ బాస్కో వెళ్లిపోయాడు. అతని వెనక మరికొందరు తమంతట తామే వెళ్లారు. చివరికి మిగిలింది నలుగురు, నలుగురూ పాత పద్ధతివారే. పట్టనివారు ముగ్గురే పోయి ఉంటే మఠం నిలిచేదేమో అని నాకనిపిస్తుంది. ఇది నా ఊహ మాత్రమే.

మన శాస్త్రానికి వస్తే

భాషాశాస్త్రంలో ఈ దారి తొక్కినవాడు విలియం లబోవ్ (1927–2024). 1960ల్లో న్యూయార్కు హార్లెంలో నల్లజాతి బాలుర బృందాల మాటతీరు పరిశీలించినప్పుడు, ఎవరు ఎవరితో తిరుగుతారో అడిగి సోషియోమెట్రీ పటాలు గీశాడు. బృందానికి నడుమ ఉన్నవారి మాటలో అక్కడి దేశ్యం చిక్కగా ఉంది. బృందానికి వెలుపల నిలిచిన కుర్రవాళ్ల మాట బడిభాషకు దగ్గరగా ఉంది. చెన్నైలోనో బెంగుళూరులోనో ఇంట్లో తెలుగు విని పెరిగిన పిల్లవాడు పదేళ్లు దాటాక స్నేహితుల భాషవైపు ఎందుకు ఒరుగుతాడో ఆలోచించేవారికి ఇది మంచి ప్రారంభం. తల్లిమీద ప్రేమ తగ్గి కాదు, సందులో మాట చెల్లేది మరొకరిది.

2001లో వచ్చిన తన గ్రంథంలో ఫిలడెల్ఫియా నగరపు ఉచ్చారణమార్పులకు ముందు నడిచినవారిని వర్ణిస్తూ లబోవ్, కాట్జ్, లాజర్స్‌ఫెల్డ్ 1955లో ప్రచురించిన ప్రభావాధ్యయనాన్ని గుర్తుచేసుకుంటాడు. డికేటర్ అనే అమెరికా పట్టణంలో 800 మంది స్త్రీలను కలుసుకొని చేసిన పని అది. వారు గమనించినదాంట్లో మనం గుర్తుంచుకోదగినది ఒకటుంది: సినిమాల విషయంలో సలహా ఇచ్చేది పెళ్లికాని అమ్మాయిలైతే, ఇంటిసరుకుల విషయంలో పెద్ద కుటుంబాల గృహిణులు. ఒక విషయంలో మాట చెల్లేవారికి మరో విషయంలో చెల్లకపోవచ్చు. మా పేటలో పండగ ఎలా చేయాలో పెద్దాయననే అడిగేవారు. బడి సంగతి ఆయనను ఎవరూ అడగలేదు, మేమే అడిగించాం.

ఇక ప్రశ్నావళి. "పలుకుబడి ఎవరికి ఉంది?" అని నేరుగా అడిగితే సంఘాధ్యక్షుడి పేరే చెప్తారు. విషయం పెట్టి అడగండి: "పిల్లవాణ్ణి ఏ బడిలో వేయాలో తోచకపోతే ఎవరిని అడుగుతారు?" "పోయినసారి ఎవరిని అడిగారు? వారు చెప్పినట్టు చేశారా?" జరిగిన సంగతి అడిగితే ఊహించి చెప్పే జవాబు తగ్గుతుంది. ఇష్టం గురించిన ప్రశ్న కూడా వేయాలి, కాని రెండింటినీ ఒకే కాగితంమీద ఒకదానికింద ఒకటి పెట్టకండి. ఒక మంచిగుణం ఉన్నదనుకున్నవాడికి మిగిలిన గుణాలూ అంటగట్టడం మనిషి నైజమని ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1920లోనే చూపించాడు. మొదటి ప్రశ్నకు రాసిన పేరు రెండోదానికి కూడా కలంలోంచి దానంతట అదే జారుతుంది. మీరు కనుక్కున్నామనుకునే సంబంధం ఆ కాగితమే పుట్టించినది కావచ్చు. వీలైతే రెండు రోజులు, రెండు సందర్భాలు.

ఇరవై ఇళ్ల పేటలో పేరు మార్చి రాసినంతమాత్రాన గోప్యత ఉండదన్న సంగతి కూడా చెప్పాలి. "కుట్టుపని చేసే మధ్యవయసు స్త్రీ" అంటే అక్కడివారందరికీ తెలిసిపోతుంది. ఎవరిని ఎవరూ ఎన్నుకోలేదన్న పట్టిక ఆ మనిషి కంటపడితే జరిగే నష్టాన్ని మీ పట్టా పూడ్చదు. అటువంటి పట్టికను నివేదికలో అచ్చువేయకండి. నేను పైన చెప్పిన పేట ఏ రాష్ట్రంలో ఉందో చెప్పకపోవడానికీ, ఇద్దరి వివరాలూ కొంత మార్చడానికీ కారణం అదే.

అన్నిటికన్నా ముందు చెవి పెట్టండి. 1960లో బ్రౌన్, గిల్మన్ యూరపు భాషల నువ్వు–మీరులను అధికారం, సాన్నిహిత్యం అన్న రెండు కొలతలతో వివరించారు. తెలుగులో ఈ సంగతి సర్వనామాలతో ఆగదు. వరసలు ఉన్నాయి, గారు ఉంది, అండీ ఉంది. ఆ పేటలో పిల్లాపెద్దా అందరూ పెద్దాయనను "తాతా, నువ్వు రా, కూర్చో" అనేవారు. ఆ పిలుపులో ఎంత ప్రేమ ఉందో నేను నోటుపుస్తకంలో రాసుకున్నాను కూడా. జాకెట్లు కుట్టే ఆవిణ్ణి మాత్రం వయసులో ఆవిడకన్నా పెద్దవాళ్లు కూడా "అక్కయ్యగారూ" అని పిలిచేవారు. మొదటిరోజే నా చెవిన పడిన మాట అది. పెద్దది చిన్నదాన్ని అక్కయ్యగారు అనడమేమిటని ఒక్క క్షణం అనుకొని, వరస పొరపాటు కాబోలని పేజీ తిప్పేశాను.